దాటిపోయినవారు ఎందుకు దాటిపోయారు?

(రేడియో ప్రసంగము)

  పనిలో ఉన్న తల్లులు, సహోదరులు ఆ పని కాసేపు ప్రక్కన పెట్టి రేడియో దగ్గరగా కూర్చోండి. ఈ దినము మాట్లాడబోయేది కొంచెము క్రొత్త సంగతి.

గత నెలలో ఒక సహోదరి మాకు ఉత్తరము వ్రాసింది. పేరు, ఊరు చెప్పవద్దని కోరింది గనుక చెప్పను. ఆమె వీధిలో ఒక రాత్రి ఎదురింటి భర్త త్రాగి వచ్చి భార్యను కొట్టసాగాడు. ఆ ఇల్లాలి కేకలు వీధి చివర వరకు వినిపించాయి. ఒక్కొక్క ఇంట్లో దీపము వెలిగింది. కిటికీ తలుపులు కొంచెము తెరచుకొన్నాయి. కాని ఒక్క గడప కూడా ఎవరూ దాటలేదు. తెల్లవారిన తరువాత ఆ ఇల్లాలిని ఆటోలో ఆసుపత్రికి తీసుకువెళ్లారు. చెయ్యి విరిగింది. "అయ్యగారూ, మనుషులు ఇంత రాతి గుండెలవారు అయిపోయారా?" అని ఆ సహోదరి అడిగింది. ఉత్తరము అక్కడితో ముగిసియుంటే నేను కూడా "అవునమ్మా, చెడ్డ కాలము" అని జవాబు వ్రాసి ఊరుకొనేవాడినేమో. కాని క్రింద ఇంకొక వాక్యము ఉన్నది. "కిటికీ వెనుక నేను కూడా నిలబడ్డాను. ఎందుకు బయటికి వెళ్లలేదో నాకే తెలియదు."

ఆ చివరి వాక్యము నన్ను నిద్రపోనివ్వలేదు. ఎందుకనగా ఆమె కఠినురాలు కాదు. కఠినురాలైతే ఉత్తరము వ్రాయదు. మంచి మనసు ఉండి కూడా మనిషి ఎందుకు కదలడు? ఈ ప్రశ్నకు జవాబు వెదకే శాస్త్రము ఒకటి ఉన్నది. దానిని సాంఘిక మనస్తత్వ శాస్త్రము అంటారు. ఒంటరిగా ఉన్న మనిషి ఒకలాగు, నలుగురిలో ఉన్న మనిషి ఇంకొకలాగు ఎందుకు ప్రవర్తిస్తాడో అది పరిశోధిస్తుంది. జర్మనీ దేశములో యూదుల మీద హింస మొదలైనప్పుడు 1933లో అమెరికాకు వెళ్లిపోయిన కుర్ట్ లెవిన్ అనే పండితుడు ఈ శాస్త్రమునకు పునాది వేసినవారిలో ఒకడు. ఆయన చెప్పినది క్లుప్తముగా ఇది: మనిషి చేసే పనికి రెండు వేళ్లు ఉంటాయి. ఒకటి ఆ మనిషి స్వభావము, రెండవది అతడు నిలబడిన పరిస్థితి. రెండింటినీ చూడకుండా ఒక మనిషిని అర్థము చేసికొనలేము.

వినడానికి ఇది చిన్న సంగతే. కాని మనము దినమంతా దీనికి విరోధముగానే ఆలోచిస్తాము. ఒక ఉదాహరణ చూడండి. ఆదివారము ఆరాధనకు ఒక సహోదరుడు అరగంట ఆలస్యముగా వస్తాడు. వెంటనే మన మనసులో ఏమి వస్తుంది? "ఇతనికి భక్తి తక్కువ." అదే మనము ఆలస్యముగా వెళితే? "బస్సు రాలేదండి, చిన్నవాడికి జ్వరమండి." ఎదుటివాని తప్పుకు అతని గుణము కారణము, మన తప్పుకు పరిస్థితి కారణము! 1977లో లీ రాస్ అనే శాస్త్రవేత్త, ఎదుటివారి విషయములో మనము చేసే ఈ పొరపాటుకు ఒక పేరు పెట్టాడు. తెలుగులో చెప్పాలంటే, కారణమును ఆపాదించుటలో మూల దోషము. ఎదుటివాని చుట్టూ ఉన్న పరిస్థితి మనకు కనబడదు, మనిషి మాత్రమే కనబడతాడు. అందుచేత అంతా అతని తలమీద పెట్టేస్తాము. దీనిని జ్ఞాపకము ఉంచుకోండి, చివరిలో మరల దీని దగ్గరకు వస్తాము.

ఇప్పుడు ఆ సహోదరి వీధివంటి ఇంకొక వీధికి వెళదాము. 1964 మార్చి 13, న్యూయార్కు నగరము, క్వీన్స్ ప్రాంతము. తెల్లవారుజామున మూడు దాటిన వేళ, పని ముగించుకొని ఇంటికి వస్తున్న కిట్టీ జెనోవీస్ అనే 28 ఏండ్ల యువతిని ఒక దుర్మార్గుడు కత్తితో పొడిచాడు. ఆమె కేకలు వేసింది. వాడు పారిపోయి, మరల తిరిగి వచ్చి, ఆమెను చంపాడు. రెండు వారముల తరువాత ఒక ప్రసిద్ధ పత్రికలో, 38 మంది పొరుగువారు ఇదంతా చూస్తూ కూడా పోలీసులకు ఫోను చేయలేదు అని వార్త వచ్చింది. అమెరికా అంతా సిగ్గుతో తల దించుకొన్నది. "నగరములో మనుషులకు హృదయము చచ్చిపోయింది" అని అందరూ అన్నారు. మన సహోదరి అడిగిన ప్రశ్నే అది.

ఇక్కడ ఒక నిజము కూడా చెప్పవలెను. ఆ వార్తలో చాలా భాగము పెంచి చెప్పినదని తరువాత తేలింది. కొందరు కేకలు మాత్రమే విన్నారు, ఏమి జరుగుతున్నదో వారికి అర్థము కాలేదు. ఒకతను కిటికీలోనుండి గద్దించగా ఆ హంతకుడు మొదట పారిపోయాడు. ఒక పొరుగింటి స్త్రీ, హంతకుడు ఇంకా అక్కడే ఉన్నాడేమో తెలియకపోయినా, క్రిందికి పరుగెత్తి వచ్చి, చనిపోతున్న ఆ యువతిని తన చేతులలో పట్టుకొన్నది. ఆమె సంగతి ఆ వార్తలో రాలేదు. 2007లో కొందరు పండితులు పాత సాక్ష్యములన్నీ వెదకి ఈ పొరపాట్లను బయటపెట్టారు. 2016లో ఆ పత్రిక కూడా తన వార్తలో దోషమున్నదని ఒప్పుకొన్నది. చూశారా, చెడ్డ వార్తకు కాళ్లు ఎక్కువ. మంచి పని చేసిన స్త్రీ కథ బయటికి రావడానికి ఎన్నో ఏండ్లు పట్టింది.

అయితే ఆ వార్త చదివిన ఇద్దరు యువ శాస్త్రవేత్తలు, జాన్ డార్లీ, బిబ్ లటానే, వేరే విధముగా ఆలోచించారు. అందరూ "38 మంది ఉండి కూడా ఎవరూ సహాయము చేయలేదే" అంటుంటే, వీరు "38 మంది ఉన్నందువల్లనే సహాయము చేయలేదేమో" అనుకొన్నారు. దీనిని పరీక్షించి చూశారు.

1968లో ప్రచురించిన ఆ పరీక్ష ఈ విధముగా జరిగింది. కాలేజీ విద్యార్థులను ఒక్కొక్కరిని ఒక్కొక్క చిన్న గదిలో కూర్చోబెట్టారు. ఒకరికి ఒకరు కనబడరు, మైకులో మాటలు మాత్రము వినబడతాయి. మాట్లాడుతుండగా ఒక యువకుడు, తనకు మూర్ఛ వ్యాధి ఉన్నదని చెబుతాడు. కొంతసేపటికి అతని మాట తడబడుతుంది, ఊపిరి ఆడక సహాయము కొరకు వేడుకొంటాడు. నిజానికి అది ముందుగా రికార్డు చేసిన మాట. కాని వినేవారికి ఆ సంగతి తెలియదు. తానొక్కడే వింటున్నాను అనుకొన్నవారిలో, ఆ రోగి మాట ఆగిపోకముందే 85 శాతము మంది లేచి సహాయము కొరకు పరుగెత్తారు. తనతోబాటు ఇంకొకరు కూడా వింటున్నారు అనుకొన్నవారిలో 62 శాతము. మరి నలుగురు వింటున్నారు అనుకొన్నవారిలో? 31 శాతము మాత్రమే.

వ్యాధి అదే, కేక అదే, విద్యార్థులు అదే రకమువారు. మారినది ఒక్కటే: వినేవారి లెక్క. మన పెద్దలు ఈ సంగతిని ఎప్పుడో కనిపెట్టారు. పదిమంది చేతిలో పాము చావదు అన్నారు గదా! ఒక్కడే ఉంటే బాధ్యత అంతా ఆ ఒక్కనిదే. పదిమంది ఉంటే బాధ్యత పది ముక్కలవుతుంది, ఒక్కొక్కరి చేతిలో పడే ముక్క చాలా చిన్నదైపోతుంది. "ఎవరో ఒకరు ఫోను చేసే ఉంటారు" అని ప్రతివాడూ అనుకొంటాడు. ఆ ఎవరో ఒకరు ఎవరూ ఉండరు.

ఇంకొక మాట గమనించండి. ఆ గదులలో కదలకుండా కూర్చున్నవారు నిర్లక్ష్యముగా కూర్చోలేదు. పరీక్ష జరిపేవారు తలుపు తీసి లోపలికి వెళ్లినప్పుడు, వారిలో చాలామంది చేతులు వణుకుతున్నాయి, అరచేతులు చెమట పట్టియున్నాయి. "అతనికి ఏమీ కాలేదు కదా?" అని ఆదుర్దాగా అడిగారు. వారు రాతి గుండెలవారు కాదు. లేవాలా వద్దా అని తేల్చుకొనలేక బిగుసుకొనిపోయినవారు. సహోదరీ, నీ కిటికీ వెనుక నీకు జరిగినది ఇదే.

అదే శాస్త్రవేత్తలు ఇంకొక పరీక్ష చేశారు. విద్యార్థులు గదిలో కూర్చొని కాగితములు నింపుతుండగా గోడలోని సందు గుండా పొగ రాసాగింది. ఒంటరిగా ఉన్నవారిలో 75 శాతము మంది బయటికి వెళ్లి చెప్పారు. కాని ప్రక్కన ఇద్దరు మనుషులు, ముందుగా చెప్పి ఉంచినవారు, పొగను చూసి కూడా ఏమీ పట్టనట్టు వ్రాసుకొంటూ ఉంటే, 10 శాతము మందే లేచారు. మిగిలినవారు దగ్గుతూ, కళ్లు నలుపుకొంటూ అక్కడే కూర్చున్నారు! ఎందుకు? "వాళ్లిద్దరూ నెమ్మదిగా ఉన్నారంటే ఇది ప్రమాదము కాదేమో" అనుకొన్నారు. ఇక్కడ ముఖ్యమైన సంగతి ఏమిటంటే, మామూలు గుంపులో ప్రతివాడూ లోపల భయపడుతూ, బయటికి ధైర్యముగా కనబడతాడు. నా ముఖము చూసి నీవు మోసపోతావు, నీ ముఖము చూసి నేను మోసపోతాను. అందరమూ కలిసి పొరబడతాము. ఆ రాత్రి ఆ వీధిలో ప్రతి కిటికీ ప్రక్క కిటికీని చూసింది. "వాళ్లు వెళ్లడము లేదు, ఇది మొగుడు పెళ్లాల గొడవలే" అని ప్రతి కిటికీ అనుకొన్నది.

నలుగురి మాటకు మనము ఎంత లొంగిపోతామో సోలమన్ యాష్ అనే ఆయన 1951లో చూపించాడు. ఈయన పోలెండు దేశపు యూదుల పిల్లవాడు. చిన్నతనములో పస్కా రాత్రి, ఏలీయా కొరకు పోసి ఉంచిన గిన్నెలో ద్రాక్షారసము తగ్గుతుంది చూడు అని ఒక పెద్దాయన చెబితే, ఈ పిల్లవానికి నిజముగానే తగ్గినట్టు కనబడిందట. పెద్దవాడై ఆ సంగతినే పరీక్షించాడు. ఒక గీతను చూపించి, మూడు గీతలలో ఏది దానితో సమానము అని గుంపులో ఒక్కొక్కరినీ అడిగాడు. చిన్నపిల్లలు కూడా చెప్పగలిగిన ప్రశ్న. కాని గుంపులో ఒక్కడు తప్ప మిగిలినవారందరూ, ముందే నేర్పినట్టు, ఒకే తప్పు జవాబు చెబుతారు. అప్పుడు ఆ ఒక్కడు? నూటికి డెబ్బది అయిదుగురు కనీసము ఒక్కసారైనా తమ కళ్లకు కనబడిన దానిని వదలి, గుంపు చెప్పిన తప్పునే చెప్పారు. నలుగురితో నారాయణ అన్నట్టే! అయితే నూటికి ఇరువది అయిదుగురు ఒక్కసారి కూడా లొంగలేదు. అంతకంటె మంచి వార్త ఇంకొకటి. ఆ గుంపులో ఇంకొక్కడు నిజము చెబితే చాలు, లొంగిపోవుట చాలా తగ్గిపోయింది. పదిమందిని ఎదిరించడానికి ఇంకొక పదిమంది అక్కరలేదు. తోడు ఒక్కడు చాలు.

అధికారము గలవాని మాటకు ఎంత లొంగుతామో స్టాన్లీ మిల్‌గ్రామ్ అనే ఆయన యేల్ విశ్వవిద్యాలయములో 1961లో పరీక్షించాడు. యూదుల సంహారములో పాలుపొందిన ఐక్‌మన్ అనేవానిని యెరూషలేములో విచారించిన సంవత్సరమది. "నేను పై అధికారుల ఆజ్ఞ పాటించాను, అంతే" అన్నది అతని వాదన. మిల్‌గ్రామ్ పరీక్షలో, ప్రక్క గదిలో ఉన్న మనిషి తప్పు జవాబు చెప్పినప్పుడెల్లా, 15 వోల్టుల నుండి 450 వోల్టుల వరకు కరెంటు షాకు పెంచుకొంటూ ఇవ్వమన్నారు. షాకులు నిజమైనవి కావు, ఇచ్చేవానికి మాత్రము అది తెలియదు. మొదట ప్రచురించిన పరీక్షలో 40 మందిలో 26 మంది చివరి వరకు వెళ్లారు. చెమటలు క్రక్కుతూ, వణుకుతూ, అయినా ప్రక్కన తెలుపు కాదు బూడిదరంగు కోటు వేసుకొన్న ఆయన "కొనసాగించండి" అన్నాడని కొనసాగించారు. ఇటువంటి పరీక్ష చేయుట న్యాయమేనా అని పండితులు ఈనాటి వరకు వాదించుకొంటూనే ఉన్నారు, ఆ వాదన సరియైనదే. అయితే మనకు కావలసినది ఇది: ప్రక్కన ఇద్దరు "మేము చేయము" అని లేచిపోయినప్పుడు, 40 మందిలో నలుగురే చివరి వరకు వెళ్లారు. ఇంకొకసారి, 150 వోల్టుల దగ్గర ఆపివేసినవారిలో ఒకరు, వేదాంత పాఠశాలలో పాత నిబంధన బోధించే ఉపాధ్యాయుడు. తనకు ఆజ్ఞ ఇచ్చేవానికంటె పైన వేరొక అధికారి ఉన్నాడని ఎరిగినవాడు ఆయన.

ప్రియ శ్రోతలారా, ఇంతవరకు విని మీలో కొందరు, "ఇవన్నీ లోకస్థుల సంగతులు, వాక్యము ఎరిగినవారు అలా చేయరు" అని అనుకొంటూ ఉండవచ్చు. నేను కూడా అలాగే అనుకొనేవాడిని, ఈ తరువాతి పరీక్షను గూర్చి చదివేవరకు.

యెరూషలేము నుండి యెరికోకు దిగిపోయే దారిలో దొంగల చేతిలో చిక్కి, కొన ఊపిరితో పడియున్న మనిషి కథ మీకందరికీ తెలుసు. యాజకుడు దాటిపోయాడు, లేవీయుడు దాటిపోయాడు, సమరయుడు ఆగాడు. జాన్ డార్లీ, డేనియల్ బాట్సన్ అనే ఇద్దరు, ఈ కథను అమెరికాలోని ప్రిన్స్‌టన్ వేదాంత పాఠశాల విద్యార్థుల మీదనే పరీక్షించి, 1973లో ప్రచురించారు. రేపు పాస్టర్లు, బోధకులు కాబోయే 40 మంది యువకులు. ఒక్కొక్కరినీ పిలిచి, "ప్రక్క భవనములో చిన్న ప్రసంగము రికార్డు చేయాలి" అన్నారు. సగము మందికి ఇచ్చిన అంశము, వేదాంత విద్యార్థులకు తగిన ఉద్యోగములు. మిగిలిన సగము మందికి ఇచ్చిన అంశము, మంచి సమరయుని ఉపమానమే!

తరువాత కొందరితో, "ఇంకా కొంత సమయమున్నది, మెల్లగా వెళ్లండి" అన్నారు. కొందరితో, "అంతా సిద్ధముగా ఉన్నది, బయలుదేరండి" అన్నారు. మరి కొందరితో, "అయ్యో, ఆలస్యమైపోయింది, వాళ్లు మీ కొరకు ఎదురుచూస్తున్నారు, త్వరపడండి" అన్నారు. దారిలో ఒక సందు. ఆ సందులో ఒక గుమ్మము దగ్గర ఒక మనిషి తల వాల్చి, కళ్లు మూసికొని కూలబడియున్నాడు. విద్యార్థి దగ్గరకు రాగానే దగ్గుతాడు, మూలుగుతాడు.

ఎవరు ఆగారు? మెల్లగా వెళ్లమన్నవారిలో 63 శాతము ఏదో ఒక సహాయము చేశారు. బయలుదేరండి అన్నవారిలో 45 శాతము. త్వరపడమన్నవారిలో 10 శాతము. నూటికి పదిమంది! ప్రసంగాంశము సంగతి ఏమిటి? మంచి సమరయుని కథ తలలో పెట్టుకొని వెళుతున్నవారికిని, ఉద్యోగములను గూర్చి ఆలోచిస్తూ వెళుతున్నవారికిని గట్టిగా చెప్పదగిన తేడా ఏమీ తేలలేదు. మంచి సమరయుని గూర్చి ప్రసంగించడానికి త్వరపడుతున్నవారిలో కొందరు, ఆ మనిషిని అక్షరాలా దాటుకొని, అతని మీదుగా అడుగు వేసి వెళ్లిపోయారు.

నవ్వు వస్తుంది, కాని నవ్వవద్దు. పరీక్ష జరిపినవారే ఒక మాట చెప్పారు. ఆగకుండా వెళ్లినవారిలో చాలామంది అక్కడికి చేరేసరికి కలవరపడుతూ ఉన్నారు. వారు కఠినులై వెళ్లలేదు. ఒక ప్రక్క పడియున్న మనిషి, ఒక ప్రక్క తన కొరకు ఎదురుచూస్తున్న మనిషి, ఇద్దరి మధ్య నలిగిపోయారు. కొందరికైతే ఆ తొందరలో కన్ను చూసినది మనసుకు చేరనే లేదు.

నా సంగతి కూడా చెప్పకపోతే నేను మాట్లాడుట న్యాయము కాదు. చాలా ఏండ్ల క్రిందట, ఒక ఊరిలో సాయంకాలపు కూటములలో మాట్లాడడానికి జీపులో వెళుతున్నాను. అప్పటికే గంట ఆలస్యమైంది. రోడ్డు మీద ఒక మోటారు సైకిలు పడియున్నది. చుట్టూ ఇరవై ముప్పై మంది నిలబడియున్నారు. కాళ్ల సందులోనుండి నేలమీద ఒక చెప్పు, ఒక చెయ్యి కనబడ్డాయి. డ్రైవరు బండి నెమ్మది చేసి నా వైపు చూశాడు. "ఇంతమంది ఉన్నారు కదా బాబూ, పోనివ్వు, అక్కడ జనము కూర్చొని ఉన్నారు" అన్నాను. ఆ రాత్రి ప్రేమను గూర్చి మాట్లాడాను. అందరూ బాగున్నదన్నారు.

మరునాడు తిరిగి వస్తూ అక్కడే టీ కొట్టు దగ్గర ఆగాము. ఆ సంగతి అడిగాను. టీ కొట్టు అతను చెప్పాడు: "అరగంట అలాగే పడి ఉన్నాడయ్యగారూ. అందరూ చూస్తున్నారు, ఎవరో ఒకరు తీసుకుపోతారులే అని నేనూ గిన్నె కడుక్కుంటూ చూస్తున్నా. కాసేపటికి అర్థమైంది, ఎవరూ కదలరని. పొయ్యి ఆర్పేసి, ఆటో పిలిచి నేనే ఎక్కించా. పాలు విరిగిపోయినయ్, పోనీలెండి." ఆ గాయపడినవాడు బ్రదికాడు, ఒక కాలు పోయింది. అరగంట ముందు వెళితే ఆ కాలు నిలిచేదో లేదో నాకు తెలియదు. కాని నా జీపులో వెనుక సీటు ఖాళీగా ఉన్నదని మాత్రము నాకు తెలుసు. ఆ టీ డబ్బులు అతడు తీసికొనలేదు. ఇంటికి వచ్చేవరకు డ్రైవరూ నేనూ మాట్లాడుకొనలేదు.

ఇప్పుడు మొదటి సంగతికి రండి. ఇన్ని ఏండ్లు నేను ఆ యాజకుని, ఆ లేవీయుని గూర్చి ప్రసంగించినప్పుడెల్లా, వారి గుణము మీద నేరము మోపాను. నా విషయములో మాత్రము "కూటమునకు ఆలస్యమైంది" అన్నాను. చూశారా, ఎదుటివానికి గుణము, నాకు పరిస్థితి! ఈ శాస్త్రము మన తప్పును తుడిచివేయదు. పరిస్థితి నెట్టింది నిజమే, కాని నడిచినవి నా కాళ్లే. అయితే ఎక్కడ జారిపడతామో తెలిసినవాడు అక్కడ జాగ్రత్తగా అడుగు వేస్తాడు.

ఎక్కడ జారిపడతాము? లటానే, డార్లీ అయిదు మెట్లు చెప్పారు. మొదటిది, చూడవలెను. తొందరలో ఉన్నవానికి ఇక్కడే కాలు జారుతుంది. రెండవది, ఇది ఆపద అని గుర్తించవలెను. ప్రక్కవారి ముఖములు చూసి మోసపోయేది ఇక్కడే. మూడవది, ఇది నా పని అనుకొనవలెను. గుంపులో బాధ్యత ముక్కలయ్యేది ఇక్కడ. నాలుగవది, ఏమి చేయాలో తెలియవలెను. అయిదవది, చేయవలెను. ఆ సమరయుని పని ఈ మెట్ల ప్రకారము చూడండి. చూశాడు, జాలిపడ్డాడు, దగ్గరకు వెళ్లాడు, నూనె ద్రాక్షారసము పోసి గాయములు కట్టాడు, తన వాహనము మీద ఎక్కించి పూటకూళ్ల ఇంటికి తీసికొనిపోయాడు, రెండు దేనారములు ఇచ్చాడు. ఒక్క మెట్టు కూడా వదలలేదు.

ఇప్పుడు చేయదగిన పనులు కొన్ని చెబుతాను. మీరే ఆపదలో ఉంటే, గుంపును చూసి "ఎవరైనా రండి" అని కేక వేయవద్దు. ఒక్కని వైపు వేలు చూపి, "ఎర్ర చొక్కా బాబూ, నీవు 108కి ఫోను చెయ్యి. అమ్మా, నీవు నీళ్లు తీసుకురా" అనండి. ముక్కలైన బాధ్యత అప్పుడు మరల ఒక్కని చేతిలో పడుతుంది. మీరు చూసేవారైతే, మొదట కదిలేది మీరే కండి. ఒక్కడు కదిలితే మిగిలినవారి కాళ్లకు కట్టు తెగుతుంది. ఎదురింట కేకలు వినబడితే, ఒంటరిగా వెళ్లడానికి భయమైతే, ప్రక్కింటి తలుపు కొట్టండి, "అక్కా, నాతో రా" అనండి. ఇద్దరు కలిసి వెళ్లండి. అదీ కుదరకపోతే 112కు, లేక స్త్రీల కొరకైన 181కు ఫోను చేయండి. "ఎవరో చేసే ఉంటారు" అని ఊరుకొనవద్దు. నలుగురు చేసినా నష్టము లేదు.

"సహాయము చేస్తే పోలీసు కేసు, కోర్టు చుట్టూ తిరగాలి" అనే భయము మనవారిలో చాలా ఉన్నది. ఒకప్పుడు ఆ భయములో అర్థమున్నది. కాని 2016 మార్చి 30న మన సుప్రీంకోర్టు, రోడ్డు ప్రమాదములో సహాయము చేసినవారిని కాపాడే మార్గదర్శకములకు చట్టముతో సమానమైన బలమిచ్చింది. 2019లో పార్లమెంటు మోటారు వాహనముల చట్టములో 134ఎ అనే సెక్షను చేర్చింది. మంచి మనసుతో సహాయము చేసినవాని మీద, ఆ సహాయములో పొరపాటు జరిగినా, కేసు పెట్టకూడదు. పేరు, చిరునామా చెప్పి తీరాలని పోలీసులు బలవంతము చేయకూడదు. ఆ చట్టము అటువంటి మనిషికి పెట్టిన పేరు ఏమిటో తెలుసా? గుడ్ సమారిటన్! యెరికో దారిలో ఆగిన ఆ మనిషి పేరు ఈ దినము మన దేశపు చట్టములో ఉన్నది. 108 అంబులెన్సు మన రాష్ట్రములో 2005 ఆగస్టు 15న మొదలైంది. ఫోను చేయడానికి ఇప్పుడు ఏ సాకూ లేదు.

చివరిగా ధైర్యము కలిగించే రెండు సంగతులు. 2019లో కొందరు పరిశోధకులు ఇంగ్లండు, నెదర్లాండ్సు, దక్షిణాఫ్రికా దేశములలోని మూడు నగరములలో వీధి కెమెరాలు తీసిన 219 కొట్లాటలను పరిశీలించారు. పదింట తొమ్మిది కొట్లాటలలో కనీసము ఒక్కడైనా మధ్యలోనికి వెళ్లి ఆపడానికి ప్రయత్నించాడు. మనుషులలో ప్రేమ చచ్చిపోలేదు. రెండవది, 1978లో ప్రచురించిన పరీక్ష. ఇప్పుడు మీరు విన్నటువంటి ఈ సంగతులనే కొందరు విద్యార్థులకు పాఠముగా చెప్పారు. రెండు వారముల తరువాత, వేరొక చోట, పడియున్న ఒక మనిషి వారికి ఎదురయ్యాడు. ఈ పాఠము విననివారిలో నాల్గవ వంతు ఆగితే, విన్నవారిలో ఇంచుమించు రెట్టింపు మంది ఆగారు. అంటే ఈ పదిహేను నిమిషములు మీరు విన్న మాటలు వృథా కావు.

ఉత్తరము వ్రాసిన సహోదరీ, నీవు ఈ ప్రసంగము వింటూ ఉంటే, నీ ప్రశ్నకు నా జవాబు ఇది. నీ వీధివారు రాతి గుండెలవారు కారు, నీవూ కావు. ప్రతి కిటికీ వెనుక నీవంటి మనిషే నిలబడి, ఎవరైనా మొదట తలుపు తీస్తారేమో అని ఎదురుచూసింది. ఆ ఇల్లాలు ఆసుపత్రి నుండి తిరిగి వచ్చియుంటే, ఈ సాయంకాలమే ఒక గిన్నెలో ఏదైనా వండి తీసుకొని వెళ్లు. "ఇక మీదట రాత్రియైనా పగలైనా పిలువమ్మా, నేను వస్తాను" అని చెప్పు. వచ్చేటప్పుడు ప్రక్కింటి తలుపు కూడా తట్టు. ఆ వీధిలో తలుపు మొదట తెరిచేది నీవే కావచ్చు.

ప్రియ శ్రోతలారా, మన సమయము ముగిసింది. మీ ఉత్తరములు వ్రాయండి. మీరు ఆగిన సంగతి వ్రాయండి, ఆగలేకపోయిన సంగతి కూడా సిగ్గుపడకుండా వ్రాయండి.